రాట్నం తిరిగితే తల తిరిగేది

అది 2022. గద్వాలలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న రోజులు. నేతవాళ్ల వీధి పక్కనే మా చిన్న క్లినిక్ గది. కిటికీ తెరిస్తే మగ్గాల చప్పుడు లోపలికి వచ్చేది. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఉంటున్నాను. ఆ చప్పుడు లేని మధ్యాహ్నాలు ఇప్పటికీ బోసిగానే అనిపిస్తాయి.

మొగులమ్మను ఆమె భర్త తిమ్మప్ప చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. రెటీనా జబ్బుతో ఆమె చూపు బాగా మందగించింది. అతడు చీర నేస్తుంటే ఆమె పక్కనే కూర్చుని రాట్నం మీద కండెలనే చిన్న గొట్టాలకు నూలు చుట్టేది. పెళ్లయిన నాటి నుంచి అదే పని. ఇప్పుడు తిరిగే రాట్నాన్ని చూస్తే చాలు, తల తిరిగి గోడ పట్టుకోవాల్సి వస్తోంది.

"తిరిగేది రాట్నమో నేనో తెల్వదు బిడ్డా. మా కొడుకు దాన్ని అటక మీద పెట్టిండు. పండుకో అంటడు. ఎంతసేపని పండుకోవాలె?"

తిమ్మప్ప మెల్లగా అన్నాడు: "మగ్గం కాడ ఒక్కన్నే కూసుంటే చెయ్యి ఆడుతలేదమ్మా."

చెవి డాక్టర్ పరీక్షలో తల తిరగడానికి కారణమయ్యే లోపమేమీ కనిపించలేదు. దీన్ని మేము విజువల్ వెర్టిగో అంటాం. మనిషి కదలకుండా ఉన్నా, ఎదుట కదిలేవాటిని చూసి మెదడు తడబడుతుంది. మసక చూపుతో ఆ తడబాటు ఇంకా పెరిగింది.

వాళ్లింటికి వెళ్లి రాట్నం దింపించాను. కిటికీ చువ్వల మధ్య నుంచి ఎండ చారలుగా దాని మీద పడుతోంది. వెలుతురు ఆమె వెనక నుంచి వచ్చేలా దాన్ని జరిపాం. చూపు నిలపడానికి ఎదుటి సున్నపు గోడకు నల్లగుడ్డ కట్టాం. పాదాలు నేలకు గట్టిగా ఆనించి, వేళ్లతో నూలు తడుముతూ చుట్టమన్నాను. తల తిరిగితే ఆగాలి. అలవాటయ్యే కొద్దీ కాసేపు రాట్నం వైపు కూడా చూడాలి.

మొదటి రోజే ఆమెకు వాంతి అయినంత పనైంది. "ఇడిసిపెట్టుండ్రి మేడమ్" అన్నాడు కొడుకు, కోపంగా.

"నువ్వు పరేషాన్ గాకురా. జర నీళ్లియ్యి. మల్ల కూసుంట" అంది మొగులమ్మ.

వారాలు గడిచాయి. తల తిరగడం పూర్తిగా పోలేదు. సంతకు వెళ్తే గోడవారగానే నడిచేది. అయినా ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి, తిమ్మప్ప మగ్గం మీద నుంచి తల తిప్పకుండానే చెయ్యి చాపాడు. ఆమె కండె అందించింది.

"జర వదులుగ చుట్టినవ్" అన్నాడు.

"నీ చెయ్యే వదులైంది" అని ఆమె నవ్వింది. నేను గడపలోనే నిలబడిపోయాను.

రాట్నం అటకెక్కిననాడు మొగులమ్మ మగ్గం పక్కన తన చోటు కూడా పోగొట్టుకుంది. ఆ సంగతి నాకు అర్థం కావడానికి ఆ నవ్వు వినాల్సి వచ్చింది. అప్పటి నుంచి తల తిరుగుతోందని ఎవరు వచ్చినా, ఏం చూస్తే తిరుగుతుందో అడిగి ఊరుకోను. దానికి భయపడి ఏం మానేశారని కూడా అడుగుతాను. వైద్యం అక్కడి నుంచే మొదలుపెడతాను.