రొయ్యల పెట్టెకు పూలదండ

ఆ రోజుల్లో కలకత్తాలో ఏ పని ఎప్పుడు ఆగిపోతుందో చెప్పడం కష్టం. కరెంటు చెప్పకుండా పోయేది, బంద్ రాత్రికి రాత్రే గోడల మీదికెక్కేది, బస్సెక్కాక ఊరేగింపు ఎదురయ్యేది. కానీ విశ్వకర్మ పూజ రోజున మిషన్లన్నీ ఆగుతాయని మాత్రం అందరికీ ముందే తెలుసు. దేవుడు లేడని పదిసార్లు చెప్పే యూనియన్ ఆఫీసులో కూడా, ఎర్రజెండా కిందే సుత్తి పట్టుకున్న విశ్వకర్మ విగ్రహం కూర్చునేది. సరిగ్గా అలాంటి రోజున, జపాను వెళ్ళాల్సిన ఒక పెట్టెడు రొయ్యల్ని భక్తికొద్దీ చంపబోయాను (అవి అప్పటికే చచ్చి గడ్డకట్టి ఉన్నాయన్న సంగతి నాకూ తెలుసు, అయినా అంత పనీ చేశాను).

నాన్న కార్పొరేషన్ వారి పంపుహౌసులో మిస్త్రీ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఊళ్ళోని వాననీళ్ళూ మురుగునీళ్ళూ తోడిపోసే పెద్ద పంపులతోనే ఆయన వయసంతా గడిచింది. విశ్వకర్మ పూజ అంటే మా క్వార్టర్సులో నాన్నదే పెత్తనం. పొద్దున్నే సైకిలు కడిగి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి గోడకి ఆనించేవాడు. ఆ రోజంతా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. స్పానర్లకీ, అమ్మ కుట్టుమిషనుకీ, ఆఖరికి కత్తిపీటకీ సెలవే (కూర తరగక్కర్లేకుండా అమ్మ ముందురోజే తరిగిపెట్టుకునేది). నాన్న మాత్రం నడిచి డ్యూటీకి వెళ్ళేవాడు. అక్కడికి వెళ్ళి ఏం చేస్తాడని నేనెప్పుడూ అడగలేదు. పంపులకీ దండలేసి, తోటివాళ్ళతో ఖిచుడీ తిని వస్తాడని నాకు నేనే తేల్చేసుకున్నాను.

డిగ్రీ అయ్యాక ఏక్‌బాల్‌పూర్ దగ్గర ఒక చిన్న ఎగుమతి ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మా వీధి మొత్తంలో కలం పట్టుకుని చేసే ఉద్యోగం నా ఒక్కడిదే. నాన్న ఈ మాట పాలవాడితో సహా అందరికీ చెప్పాడు. చేరి మూడు నెలలే, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చెయ్యాల్సినవాడు మా హెడ్ గుమాస్తా, అందరూ బడోబాబు అనేవారు. ఆ పూజ ముందురోజు ఆయన నన్ను యార్డులోకి తీసుకెళ్ళి పెట్టె చూపించాడు. మా ఇంటికంటే పొడుగైన తెల్ల ఇనుప పెట్టె, ఒక చివర హోరుమంటున్న మిషను, దానికి చెయ్యంత లావు కేబులు. పక్కనే చిన్న అద్దం వెనకాల గుండ్రటి కాగితం మెల్లగా తిరుగుతుంటే, ఒక కలం లోపలి చలిని గీతగా గీస్తోంది. మైనస్ పద్దెనిమిది దగ్గర గీత తిన్నగా నడుస్తోంది. "జపానువాళ్ళు ముందు ఈ కాగితం చూస్తారు, తరవాతే రొయ్యల్ని చూస్తారు. ఎల్లుండి పొద్దున్న లారీ వస్తుంది. అప్పటిదాకా దీనికి కాపలా నువ్వే. ఈ గీత కదిలిందంటే ఇక్కణ్ణించి నువ్వూ కదులుతావు" అన్నాడు.

మర్నాడు యార్డు మిస్త్రీ ఫ్యూజ్‌దా (ఏ మిషను చెడినా "ఫ్యూజ్ పోయింది" అనేవాడు, పేరు అలా స్థిరపడింది, 'దా' అంటే బెంగాలీలో అన్న) కొత్త లుంగీ కట్టుకుని, దండ పట్టుకుని వచ్చాడు. తూకం మిషనుకి దండ, క్రేనుకి దండ, తరవాత మా పెట్టెకి దండ. బొట్టు పెట్టి, నా వైపు తిరిగి, "భాయ్, దీనికి కూడా కాస్త విశ్రాంతి ఇద్దామా?" అని మర్యాదకి అడిగాడు. మర్యాదకి కూడా ఒప్పుకోకూడని మాట అది. నా కళ్ళముందు మాత్రం దండ వేసుకుని గోడకి ఆనుకున్న మా సైకిలు కనిపించింది. దేవుడి రోజున పాపం దీనికొక్కదానికే చాకిరీయా అనిపించింది. "ఒక్క అరగంట" అన్నాను, యార్డు మొత్తం నాదే అన్నంత ఉదారంగా. ఫ్యూజ్‌దా మీట దించాడు. హోరు ఆగిపోయింది. నేను దణ్ణం పెట్టుకుని ఖిచుడీ తినడానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి స్విచ్‌బోర్డుకి తాళం ఉంది, ఫ్యూజ్‌దా లేడు. తాళంచెవి ఆయన మొలతాడుకి ఉంది. ఆయన గాలిపటంతో సహా వాళ్ళ మేడ మీద ఉన్నాడు (ఆ రోజున కలకత్తాలో గాలిపటం ఎగరేయని మగాడికి ఒంట్లో బాగాలేదని లెక్క). అద్దంలోకి చూస్తే కలం గీత దాటి పైకి పాకడం మొదలెట్టింది. ఏం చెయ్యాలో తోచక, బకెట్టుతో నీళ్ళు తెచ్చి పెట్టె మీద గుమ్మరించాను. కుండకి తడిగుడ్డ చుడితే నీళ్ళు చల్లబడతాయి కదా, అదీ నా చదువు. తరవాత తలుపుకి చెవి ఆనించి విన్నాను. రొయ్యలు ఏమీ చెప్పలేదు.

రెండు వీధుల అవతల ఫ్యూజ్‌దా మేడెక్కి బతిమాలాను. ఆయన ఆకాశం మీంచి చూపు దించలేదు. "పొద్దున్న నువ్వే సరే అన్నావు కదా భాయ్. పూజ అయ్యాక పనిముట్టు ముట్టకూడదు. అయినా నా పటం పైనుండగా నేనెలా దిగుతాను?" అన్నాడు. తాళంచెవి అడిగితే, మిస్త్రీ కానివాడి చేతికి ఇవ్వనన్నాడు. అప్పుడు నాకు తెలిసిన ఇంకో మిస్త్రీ గుర్తొచ్చి, పంపుహౌసుకి పరిగెత్తాను.

లోపల అడుగుపెట్టగానే నిలబడిపోయాను. మూడు పంపులూ బంతిపూల దండలతో నిండుగా ఉన్నాయి. మూడూ చెవులు చిల్లులు పడేలా తిరుగుతున్నాయి. ఆ అదురుకి దండలు ఊగుతున్నాయి. నాన్న డ్యూటీ దిగి చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఏట్రా, డ్యూటీ ఒగ్గీసి ఇలాగొచ్చీసినావు?"

ఆయాసపడుతూ అంతా చెప్పాను.

"ఆపీమన్నావా? ఎవులు సెప్పినారు నీకు?"

"నువ్వే కదా నాన్నా. సైకిలు ముట్టుకోనివ్వవు, ఇంట్లో అన్నీ ఆపేస్తావు."

"సైకిలాగితే నానొక్కణ్ణి నడుస్తాను. పంపాగితే ఊరు మునిగిపోదేటి?" అని, నన్ను ఎగాదిగా చూసి, "దండ పనిసేస్తన్న మిసనుకెయ్యాల్రా. ఆగిపోయినోలికి దండేస్తే దాన్నేటంటారో తెల్దేటి నీకు?" అన్నాడు.

తెలుసు. నా మూడు నెలల ఉద్యోగం దండ వేసుకుని గోడకెక్కిన ఫొటోలా కనిపించింది.

నాన్న నాతో నడిచి మేడెక్కాడు. తాళంచెవి అడగలేదు. ఇంకో మిస్త్రీ పనిలో చెయ్యి పెట్టడం ఆయన పద్ధతి కాదు. శ్రీకాకుళం యాసలో సాగే తన బెంగాలీలో, "దాదా, నువ్వూ నేనూ మిస్త్రీలం. మిషనుకి ఊపిరి పొయ్యడం పని కాదు, అదే పూజ. నీ పటం నేను చూసుకుంటాను, నువ్వు మావాడి పెట్టె చూడు" అన్నాడు. ఫ్యూజ్‌దా కాసేపు నాన్న చేతుల్ని చూశాడు. గ్రీజు గోళ్ళలోకి దిగిపోయిన చేతులవి. దారం ఆయన చేతికిచ్చి మెట్లు దిగాడు.

మేము వీధి దాటామో లేదో, వెనకనుంచి మేడలన్నీ ఒక్కసారిగా "భోకాట్టా" అని అరిచాయి. పటం తెగితే అరిచే అరుపు అది. ఫ్యూజ్‌దా వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరి పటమో ఆయనకి తెలుసు, నాన్న పుట్టి బుద్ధెరిగి గాలిపటం పట్టలేదని నాకు తెలుసు. మీట ఎత్తగానే పెట్టె హోరుమంది. ఆ చప్పుడుకి నాకు నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. (ఆ తరవాత ఎన్నేళ్ళకి కనబడినా ఫ్యూజ్‌దా, "నీ రొయ్యలు బతికాయి, నా పటం పోయింది" అనేవాడు.)

గీతలో మాత్రం చిన్న గూని మిగిలిపోయింది. మర్నాడు బడోబాబు కళ్ళజోడు సవరించుకుని దాన్ని చూస్తుంటే, ఏదీ దాచకుండా బకెట్టు నీళ్ళతో సహా చెప్పేశాను. "తలుపు తీశావా?" అన్నాడాయన. లేదన్నాను. "అయితే సరే. తలుపు తియ్యకపోతే ఒక పూట అది దేనికీ చలించదు. ఇవాళ లారీ మీద డాక్‌కి వెళ్ళేటప్పుడు ఆ ట్రాఫిక్‌లో అంతసేపూ కరెంటు లేకుండానే వెళ్తుంది" అన్నాడు. కాగితం వెనక కారణం రాసి సంతకం పెట్టి, "స్నానం చేయించావు సరే, తువ్వాలుతో తుడిచావా?" అని అడిగి, పై నెలలో ఉద్యోగం ఖాయం చేశాడు. ఒక్క షరతు పెట్టాడు. ఏటా విశ్వకర్మ పూజకి నేను సెలవులో ఉండాలి.

ఇప్పుడు మా ఆఫీసు న్యూ టౌన్‌లో ఉంది. సముద్రం మధ్యలో ఉన్న పెట్టెలో ఎంత చలి ఉందో కుర్చీలోంచే కంప్యూటర్‌లో కనిపిస్తుంది. కలమూ లేదు, గీతా లేదు. ఆ సెలవు మాత్రం నేను ఇంకా తీసుకుంటూనే ఉన్నాను. ఇంట్లో ఫ్రిజ్‌కి బొట్టు పెట్టి దండ వేస్తాను. "ఆపెయ్యాలా నాన్నా?" అని మా అమ్మాయి ఏటా ఆటపట్టిస్తుంది. వద్దంటాను. మా నాన్న ఫొటోకి దండ పడి చాలా ఏళ్ళయింది. ఎవరూ చూడకుండా ఒక్క నిమిషం ఫ్రిజ్‌కి చెవి ఆనించి, ఆనాడు ఇనుప తలుపుకి ఆనించినట్టే వింటాను, పిచ్చివాణ్ణి. లోపల సన్నటి హోరు వినిపిస్తుంది. నాన్న ఇంకా డ్యూటీ దిగలేదనిపిస్తుంది.