అన్నయ్య దాచిపెట్టిన మాత్రలు

ఇవాళ పొద్దున్న మా కింది వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి మాత్రల అట్ట పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. వాళ్ల నాన్నగారికి జబ్బు ముదిరిపోయి, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నారు, వారానికోసారి నర్సు వచ్చి చూసిపోతుంది. నొప్పి లేనప్పుడు కూడా ఈ మాత్ర వెయ్యాలా టీచరుగారూ, దాచి ఉంచితే ముందు ముందు పనికొస్తుంది కదా అని అడిగింది. ఇప్పుడే వెళ్లి వెయ్యమని దాదాపు కసిరినట్టే చెప్పాను, పాపం ఆ పిల్ల బిత్తరపోయి దిగిపోయింది. అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. పొయ్యి మీద పప్పు మాడింది. పేపరు రెండుసార్లు తిరగేశాను, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. నా ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు, కొన్ని సంగతులు ఎవరితోనైనా చెప్పుకుంటే తప్ప ఆ పూటకు అన్నం సయించదు.

పాతికేళ్లు కావస్తోంది. నల్లపాడు అవతల మా ఊళ్లో అన్నయ్య సొంతానికి రెండెకరాలు, కౌలుకు మూడెకరాలు కలిపి పత్తీ మిరపా వేసేవాడు, నేను గుంటూరులో ఒక మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. అమ్మకు గర్భసంచిలో క్యాన్సర్ అని తేలేసరికే ఆలస్యమైపోయింది. రేడియేషన్ కరెంటు పెట్టించాం, సూదులు వేయించాం, చివరికి డాక్టరుగారు ఇక ఇవేవీ వద్దమ్మా, ఇంటికి తీసుకెళ్లి నొప్పి లేకుండా చూసుకోండి, ఇంటికే వచ్చి చూసే నర్సులున్నారు అని ఒక చోటు చెప్పారు. ఇంటికి తీసుకెళ్లమన్నారంటే చేతులెత్తేశారనే మేం అర్థం చేసుకున్నాం. నొప్పి లేకుండా చూడటం కూడా ఒక వైద్యమేనని మాకు తెలియదు, తెలిసినవాళ్లు మా చుట్టుపక్కల ఎవరూ లేరు. చర్చిలో ఒకావిడ అయితే, మత్తు బిళ్లలిచ్చి తొందరగా పంపించేస్తారంట అని వదిన చెవిలో ఊదిపోయింది.

అక్కణ్నుంచి మా ఇంటికి వచ్చిన నర్సు కనిగిరి వైపు రైతుల బిడ్డ. మొదటిసారి వచ్చినప్పుడు అమ్మకు తానే ఒళ్లు తుడిచి, పుండ్లు పడకుండా ఎలా ఒత్తిగిలించాలో చూపించి, నాలుగు గంటలకో మాత్ర వెయ్యమని అన్నయ్యకు చెప్పి, వదిన వైపు తిరిగి మీరు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందండి అని అడిగింది. రోజుకు మూడుసార్లు దుప్పట్లు ఉతికి చేతులు నానిపోయిన మనిషి, అంతవరకూ ఆ మాట అడిగినవాళ్లు లేక కాబోలు, గుమ్మానికి ఆనుకుని భోరున ఏడ్చింది. నర్సు అమ్మను వదిలేసి అరగంట ఆమె పక్కనే కూర్చుంది. రోగిని చూడటానికి వచ్చి ఈవిడ ఇంట్లోవాళ్లతో కబుర్లేమిటా అని నేను విసుక్కున్నాను. నాకు బస్సు టైమవుతోంది మరి. వెళ్లేటప్పుడు ఆవిడ మందుల సంగతంతా తెలుగులో రాసిన కాగితం, చదువుకున్నదాన్నని, నా చేతికిచ్చింది. హ్యాండ్‌బ్యాగులో పడేసుకుని పరిగెత్తాను.

మా అన్నయ్య సంగతి చెప్పాలి. అంతకు మూడేళ్ల ముందు పత్తికి పచ్చపురుగు పట్టినప్పుడు, షాపువాడి మాట విని మొదట్లోనే గట్టి మందులు కొట్టాడు. పురుగు ఆ మందులకు అలవాటుపడి, కాయ పట్టే రోజులకు ఏం కొట్టినా చావకుండా చేనంతా తినేసింది. ఆ దెబ్బతో ఆయనకొక పాఠం పట్టుబడింది, గట్టి మందు ఆఖరికి దాచుకోవాలని. ఆ పాఠమే అమ్మ మాత్రలకూ వర్తింపజేశాడు. మాత్రల పొట్లం గూట్లో బైబిలు వెనకాల పెట్టి, అమ్మ మరీ తట్టుకోలేనప్పుడు మాత్రమే ఒకటి తీసిచ్చేవాడు. అమ్మ అడిగే మనిషి కాదు. నలభై ఏళ్లు మిరప కోతలకు వెళ్లి, మండే చేతులతోనే వంట చేసిన మనిషి, పమిట కొంగు పళ్ల మధ్య పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేది. శనివారాలు నేను వెళ్లేదాన్ని, పది నిమిషాలు ఆ మంచం పక్కన కూర్చోలేక మిరపకాయలు ఎండబోసిన కళ్లంలోకి వెళ్లి అటూ ఇటూ తిరిగేదాన్ని. మందులు ఎలా వాడుతున్నాడో అన్నయ్య చెబితే నాకూ సబబుగానే తోచింది. విత్తనాలు, చింతపండు, కొత్త చీర, ఏదైనా రేపటికి దాచడమే మంచితనమని పెరిగినవాళ్లం.

నర్సు ఫోన్ చేసినప్పుడల్లా అంతా బాగానే ఉందండి, కోతల హడావిడి తగ్గాక రండి అని అన్నయ్య చెప్పేవాడు. ఇరవై రోజులకు ఆవిడ ఉండబట్టలేక తానే వచ్చింది. ఆ రోజు శనివారం, నేనూ ఉన్నాను. పొట్లం విప్పి చూసి, ఇన్ని మిగిలాయేంటండీ అంది.

"జాగ్రత్తగా వాడుతున్నాను సిస్టరుగారూ," అన్నాడు అన్నయ్య, మెచ్చుకుంటుందనుకుని. "పత్తి పురుగుకు కొట్టినట్టు ముందే గట్టిది ఇచ్చేస్తే ఆఖర్న ఏదీ పనిచెయ్యదు గదండీ."

ఆవిడ కోప్పడలేదు. నావైపు ఒక్కసారి చూసింది. తర్వాత అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకుని, ఇది పురుగు కాదు అన్నయ్యగారూ, కనబడ్డాక కొట్టడానికి, నొప్పి రాకముందే వెయ్యాలి, సరిపోకపోతే ఇంకొంచెం పెంచుతాం, వాడేకొద్దీ పని చెయ్యకుండా పోయే మందు కాదు ఇది అని నిదానంగా చెప్పింది. అన్నయ్య మొహం చూడలేక నేను బయటికి వచ్చేశాను. తిరుగు బస్సులో ఆ కాగితం తీసి చదివాను. రెండో వరుసలోనే ఉంది, నొప్పి వచ్చేదాకా ఆగవద్దని, కింద ఎర్ర సిరాతో గీత గీసి మరీ.

ఆ తర్వాత అమ్మ పన్నెండు రోజులు బతికింది. మంచం వసారాలో వేయించుకుని, దిండ్లకు ఆనుకుని, ఒళ్లో చేట పెట్టుకుని మిరపకాయల్లో తాలుకాయలు ఏరింది. కూలీల మీద అరిచింది. వదిన చేత తలదువ్వించుకుంది. పోతానని తెలుసమ్మా, నొప్పి లేకుండా పోవచ్చని తెలీదు అని నర్సుతో అన్నదట, నేను స్కూల్లో ఉన్నాను. పన్నెండులో నేను చూసింది మూడు రోజులే, పరీక్షల కాలమని సెలవు పెట్టలేదు.

సమాధి దగ్గరనుంచి వచ్చాక అన్నయ్య అరుగు మీద కూర్చుని, "అమ్మని నేనే ఏడిపించానే చెల్లెమ్మా, ఇరవై రోజులు," అన్నాడు. నేను లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాను. ఆ తర్వాత పండక్కో పెళ్లికో ఎప్పుడు కలిసినా, ఏదో ఒక సందులో ఆ మాట అనేవాడు. నువ్వు కావాలని చేశావా అనేదాన్ని నేను. ఆ మాటకు ఆయన మనసు కుదుటపడేది కాదు.

ఇప్పుడు మా వైపు పత్తి తగ్గిపోయింది, అన్నయ్య చేలో ప్లాట్ల రాళ్లు పాతారు. ఇంటికొచ్చే నర్సులను ఇదివరకటిలా ఎవరూ అనుమానంగా చూడటం లేదు, తెలియకపోతే మెట్లెక్కి వచ్చి అడిగే పిల్లలూ తయారయ్యారు. మా కాలంలో మేం అడగలేదు, నేనైతే చేతికిచ్చినదాన్ని చదవను కూడా లేదు. అన్నయ్య నిరుడు వేసవిలో నిద్రలోనే పోయాడు, సుఖంగా పోయాడన్నారు అందరూ. తప్పు నాది కూడా అన్నయ్యా, ఆ కాగితం నా సంచిలోనే ఉంది అని ఒక్క మాట చెబితే ఆ బరువులో సగమన్నా దిగేది ఆయనకు. చెప్పడానికి ఇన్నేళ్లు ఉన్నాయి నాకు. ఇంకొన్నాళ్లు పోయాక చెబుదాంలే అని దాచుకున్నాను.