బావ చెప్పిన అద్దం లెక్క

నిన్న పొద్దున అక్క ఫోన్ చేసింది. "మీ బావ లేడు రా" అంది. అంతే.

చేతిలో ఉన్న చాయ్ గ్లాసు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు.

హాస్పిటల్‌లో ఉన్నాడని తెలుసు, సీరియస్ అనీ తెలుసు. అయినా నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మా రాజేశం బావ సిరిసిల్లలో పవర్‌లూమ్ నడిపే ఇంట్లో పుట్టి, హైదరాబాద్‌లో డిఫెన్స్ ల్యాబ్ దాకా పోయినవాడు. ముప్పై ఏళ్లు మిస్సైల్ గైడెన్స్ పని. అంటే తప్పించుకుని పోయే టార్గెట్‌ను మిస్సైల్ ఎట్లా అందుకోవాలో లెక్క కట్టడం. ఆఫీసు ముచ్చట్లు ఇంట్లో అస్సలు చెప్పడు. పుస్తకాల్లో ఉండే థియరీ మాత్రం మమ్మల్ని కూర్చోబెట్టి మరీ చెప్తాడు, వద్దన్నా వినడు.

పెళ్లయిన కొత్తలో హుజూరాబాద్‌లో మా ఇంటికి వచ్చాడు. కొత్త అల్లుడి కోసం తెచ్చిన నాటుకోడి తాడు తెంపుకుని ఉరికింది. అందరం దాని వెనక పడ్డాం.

బావ మమ్మల్ని ఆపాడు. కోడి ఉన్న చోటికి కాదు, అది పోయే చోటికి ఉరకాలని చెప్పి, తను అడ్డంగా పోయాడు. తీరా దగ్గరికి పోయేసరికి కోడి గిర్రున తిరిగింది. బావ బురదలో పడ్డాడు. తెల్ల ప్యాంటు, అదీ కొత్తది.

మా అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

బావ లేచి సీరియస్‌గా, "థియరీ కరెక్టే. అది తిరిగినంత జల్ది నేను తిరగలే. మిస్సైల్ గూడ గట్లనే తప్పుతది" అన్నాడు.

ఆ రోజు అందరం పప్పుచారే తిన్నాం.

అక్కకు, నాకు, ఇంట్లో అందరికీ కారు నేర్పింది ఆయనే. స్టీరింగ్ ముట్టుకోక ముందే నాకు ఒక మాట చెప్పాడు.

"పక్క తొవ్వ నుంచి లారీ వస్తున్నదనుకో. ముందటి అద్దంల అది జరుగుతుంటే ఫికర్ లేదు. జరగకుంట ఒక్క జాగలనే ఉండి పెద్దగైతుందంటే, నిన్ను గుద్దుతది. టార్గెట్ గట్ల ఒక్క జాగలనే ఉండేటట్టు మేం మిస్సైల్‌ను తిప్పుకుంట తీస్కపోతం. నువ్వైతే బ్రేక్ కొట్టు."

పోయిన వానాకాలం పెద్దపల్లి దగ్గర ఎడమ పక్క నుంచి ఒక టిప్పర్ వస్తోంది. ముందటి అద్దం మూలలో ఒకే చోట ఉంది. పెద్దదవుతోంది.

బ్రేక్ కొట్టాను. టిప్పర్ నా బానెట్ ముందు నుంచే పోయింది. వెనక సీట్లో నా బిడ్డ నిద్రపోతోంది.

కారు పక్కకు ఆపి బావకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"ముప్పై ఏండ్లు తాకాలె తాకాలె అని లెక్క చేసిన, బామ్మర్ది. ఇయ్యాల తాకకుంట పనికొచ్చింది" అన్నాడు.

పోయిన నెల హాస్పిటల్‌కు పోయాను. అక్క పక్కనే కూర్చుని బత్తాయి వలుస్తోంది. బావ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు. "బామ్మర్ది, గిది అద్దంల జరుగుతలేదు."

అక్కకు తెలియొద్దని అట్లా చెప్పాడు. నాకు అర్థమైంది. బ్రేక్ కొట్టు బావా అన్నాను. నవ్వాడు.

నెల రోజులు అక్క దగ్గర ఆ మాట దాచాను. నిన్న అన్నీ అయిపోయాక ఆగలేక చెప్పేశాను.

అక్క కళ్లు తుడుచుకుంది. "నాకు కారు నేర్పింది గూడ ఆయనే కదరా" అంది.

పోయిరా బావా. లెక్కలన్నీ పక్కన పెట్టి నిమ్మళంగా పడుకో. అక్కకు మేమున్నాం.