కొడుకు తప్పును దాచని మూర్తి అంకుల్

నిన్న పొద్దున కిరణ్ ఫోన్ చేశాడు. "పద్మా, నాన్న ఇక లేరు" అన్నాడు.

మొన్న ఆదివారమే కదా ఆయనతో మాట్లాడాను! మోకాళ్ల నొప్పులు తప్ప బాగానే ఉన్నానన్నారు. నిద్రలోనే పోయారట.

సంతోష్‌నగర్‌లో వాళ్లింటికి వెళ్లి చూసి వచ్చాను. ఇంటికొచ్చాక ఏ పనీ తోచలేదు. అందుకే రాస్తున్నాను.

మూర్తి అంకుల్ మీలో చాలామందికి తెలియరు. ఆయనది కాకినాడ వైపు. ఇక్కడ గవర్నమెంట్ ఆఫీసులో ఉద్యోగం చేశారు. గౌలిపురాలో మాకు బర్రెలుండేవి. వాళ్లింటికి పాలు పోసేది మా నాన్నే. బాపు అంటాం. వాళ్లబ్బాయి కిరణ్, నేను ఇంటర్‌లో ఒకే ట్యూషన్.

ఇప్పుడు చెప్పబోయే సంగతి కిరణ్‌ని అడిగే రాస్తున్నాను. "రాయి. నా పేరు కూడా రాయి. నాన్న ఎప్పుడూ దాచలేదు" అన్నాడు.

గల్లీకో నెట్ కెఫే వచ్చిన రోజులవి. ట్యూషన్‌లో దిగిన గ్రూప్ ఫోటోలోంచి నా మొహం కత్తిరించి, బర్రె పక్కన అతికించి, ఎవరో నా పేరుతో నెట్‌లో ఒక పేజీ పెట్టారు.

"గౌలిపురా పాలపిల్ల" అట.

కింద క్లాస్‌మేట్స్ కామెంట్లు, నవ్వులు. చివరికి బాపు ఫోన్ నంబర్ కూడా పెట్టేశారు.

ఇక కాల్స్ మొదలయ్యాయి. బాపు ఫోన్ ఇంట్లో ఉంచి బర్రెల పనిలో ఉన్నప్పుడు నేనే ఎత్తేదాన్ని. ఎవరెవరో మగపిల్లలు. "పాలపిల్ల ఉందా?" అనేవాళ్లు. ఆ తర్వాతి మాటలు ఇక్కడ రాయలేను.

నాకు అన్నం సయించేది కాదు. ఫోన్ మోగితే లోపలి గదిలోకి పరిగెత్తేదాన్ని. కడుపునొప్పి అని ట్యూషన్ ఎగ్గొట్టాను. అమ్మ దిష్టి తీసింది, పాపం. ఆమెకి మాత్రం ఏం తెలుసు!

చివరికి ఒక కాల్ బాపే ఎత్తాడు. సంగతి తెలిసిన ఆ రోజు కొట్టలేదు, తిట్టలేదు. తల దించుకుని, "సదువు లేదు గిదువు లేదు. ఇంట్ల కూసో. ఇజ్జత్ పోతున్నది" అన్నాడు.

మర్నాడు పాలు పోయించుకుంటూ అంకుల్ అడిగారట, "పద్మ ట్యూషన్‌కి రావట్లేదట, ఒంట్లో బాగాలేదా?" అని. బాపు ఉండబట్టలేక అంతా చెప్పుకున్నాడు.

అంకుల్‌కి అనుమానం వచ్చింది. కొన్నాళ్లుగా తను గదిలోకి వస్తే చాలు, కిరణ్ కంప్యూటర్ స్క్రీన్ మార్చేస్తున్నాడు. ఆ సాయంత్రం వాడి పక్కన కుర్చీ వేసుకుని, "ఆ పేజీ ఏదో నాకు చూపించు" అన్నారు.

కిరణ్ తెలీదన్నాడు. అంకుల్ అరవలేదు. అక్కణ్ణుంచి లేవనూ లేదు.

కాసేపటికి వాడే ఏడుస్తూ చెప్పేశాడు. సరదాకి మొదలుపెట్టాడట.

ఇంకెవరైనా అయితే గుట్టుగా ఆ పేజీ తీయించేసి ఊరుకునేవారు. ఆంటీ కూడా అదే బతిమాలారట, పరువు పోతుందని.

అంకుల్ మాత్రం కిరణ్‌ని స్కూటర్ ఎక్కించుకుని మా ఇంటికొచ్చారు. గుమ్మం బయటే నిలబడి బాపుతో, "యాదగిరి గారూ, ఆ పేజీ పెట్టింది మావాడే. నేను కొనిచ్చిన కంప్యూటర్‌లోనే పెట్టాడు" అన్నారు.

అమ్మే ముందు తేరుకుంది. "పోనియ్యుండ్రి సారూ, పిల్లగాడు. తెల్వక చేసిండు."

"తెలిసే చేశాడమ్మా. ఎంత నొప్పో మాత్రం తెలీదు. అది తెలియాలి."

తర్వాత నావైపు తిరిగారు. "ఇందులో నీ తప్పేమీ లేదు తల్లీ. మావాడు చేసిన పనికి నువ్వెందుకు చదువు మానాలి?"

అంతవరకు ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

పేజీని వెంటనే తీయనివ్వలేదు ఆయన. ముందు ప్రింట్ తీయించి ట్యూషన్ సార్‌కి చూపించారు. కామెంట్లు పెట్టినవాళ్ల ఇళ్లకి కిరణ్‌ని తీసుకుని తనే వెళ్లారు. ఆ తర్వాతే తీయించారు.

అయినా కాల్స్ ఆగలేదు. నంబర్ మార్చుదామంటే బాపు పాల గిరాకీ అంతా దాని మీదే.

అప్పుడు అంకుల్ ఏం చేశారో తెలుసా? ఆఫీసు అవ్వగానే వచ్చి మా బర్రెల కొట్టం ముందు స్టూల్ వేసుకుని కూర్చునేవారు. బాపు ఫోన్ ఆయన చేతిలో. స్పీకర్ ఆన్. పక్కన కిరణ్.

"నేను ఆ అమ్మాయి పెదనాన్నని బాబూ. నీ పేరేంటి? మీ నాన్నగారిని ఒకసారి పిలుస్తావా?"

టక్కున పెట్టేసేవాళ్లు.

మధ్యలో నిజంగా పాల కోసం కూడా ఫోన్లొచ్చేవి. "యాదగిరి గారూ! ఏదో ఫంక్షనట, రేపు పాలు ఎక్కువ కావాలట!" అని కేకేసేవారు. అంత దిగుల్లోనూ అమ్మా నేనూ నవ్వేశాం.

ఒక సాయంత్రం ఎవడో, ఎత్తింది ఎవరో కూడా చూసుకోకుండా, నా గురించి చాలా నీచంగా వాగాడు. కిరణ్ అంతా విన్నాడు. కొట్టం వెనక్కి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు.

తిరిగొచ్చి నాతో ఏదో అనబోతే అంకుల్ ఆపారు. "సారీ చెప్పు. క్షమించమని మాత్రం అడగకు. అది తన ఇష్టం."

నేను అప్పుడు క్షమించలేదు. చాలా ఏళ్లు పట్టింది. అంకుల్ ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

మెల్లగా కాల్స్ ఆగిపోయాయి. బాపే నన్ను ట్యూషన్ దగ్గర దింపాడు. "పో బిడ్డా. ఎవడేమన్నా నాకు చెప్పు. దాచకు. నేను లొల్లి చెయ్య" అన్నాడు. ఆ మాట ఆయన నేర్చుకున్నది అంకుల్ దగ్గరే.

నేనివాళ టీచర్‌ని.

తర్వాత అంకుల్ కాలనీ మీటింగుల్లో, స్కూళ్లలో తల్లిదండ్రులతో మాట్లాడేవారు. "ఒక ఆడపిల్లని ఏడిపించిన పిల్లాడి తండ్రిని నేను" అని మొదలుపెట్టేవారు.

"పిల్లలు చెప్పగానే ఫోన్ లాక్కోకండి. ఇంకోసారి చెప్పరు. నిన్నెవరైనా ఏమైనా అంటున్నారా అని అందరం అడుగుతాం. నువ్వెవరినైనా ఏమైనా అంటున్నావా అని కూడా అడగండి."

ఎన్ని ఇళ్లలో ఆ ప్రశ్న అడిగారో నాకు తెలీదు. మా ఇంట్లో అడుగుతున్నాం.

నిన్న బాపు కూడా వచ్చాడు. కిరణ్ భుజం పట్టుకున్నాడు. "మీ నాయిన అసుంటి మనిషిని నేను మళ్ల సూడలే కొడుకా" అన్నాడు.

వెళ్లిరండి అంకుల్. మీరెక్కడున్నా మీ మనసు నిమ్మళంగా ఉండాలి.