గాలి అక్కర్లేని శబ్దం

నిన్న సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. మా వీధిలో ఇంకా నడుస్తున్న బ్యాండేజీ గుడ్డ షెడ్లలో మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. రాజపాళయంలో పుట్టి పెరిగినవాడికి ఆ చప్పుడు ఉన్నంతసేపూ వినిపించదు, ఆగినప్పుడే వినిపిస్తుంది. శబ్దం అడ్డు తొలగగానే, ఎదురు షెడ్డులో నూలుకు పెట్టడానికి ఉడికించిన గంజి వాసన నేరుగా నా వాకిట్లోకి వచ్చింది. నేను పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని వీధి మలుపు వైపు చెవి తిప్పాను. అటునుంచి ఎవరూ రారు. ఆ సంగతి నాకు తెలుసు గానీ నా చెవికి తెలియదు. ఒకప్పుడు ఈ వేళకే నా అక్క కూతురు కస్తూరి కాలేజీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, "మామా, ఈ రోజు పాఠం వినేస్తివంటే నాకు పని తీరిపోతుంది" అనేది. ఆ పాఠాలను మా ఇంటి దాకా పంపినావిడ అలమేలు మేడం, కస్తూరికి భౌతికశాస్త్రం చెప్పిన లెక్చరరు. ఆవిడను నేను ఎదురుగా చూసింది బహు తక్కువ. అయినా నీ గురువు ఎవరని అడిగితే ఆవిడ పేరే చెబుతాను.

నేను ఎనిమిదో తరగతితో బడి మానినవాణ్ణి. మా నాయన పోయాక షెడ్డు నా మీద పడింది. చదువుకున్నదంతా నేనుగా చదువుకున్నదే. మాది తమిళనాడు గనుక బడిలో నేర్పింది తమిళం. ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరాలు ఉంటాయని కూడా చాలా ఏళ్ళు నాకు తట్టలేదు. పెద్దవాణ్ణయ్యాక, గోడ మీద వేలాడే తెలుగు క్యాలెండరు ముందు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ బతిమాలి నేర్చుకున్నాను. కాబట్టి చదువు మీద నాకు గౌరవంతో పాటు కోపం కూడా ఉండేది. కాలేజీ గోడ పక్కగా సైకిలు మీద వెళ్తూ, లోపల ఏం చెబుతారో, ఎవరికి చెబుతారో అనుకునేవాణ్ణి. ఆ గోడ నాకోసమే కట్టినట్టు ఉండేది.

కస్తూరి కాలేజీలో చేరిన కొత్తల్లో ఒక సాయంత్రం ఏడుపు మొహంతో వచ్చింది. కొత్త మేడం వింత పని చెప్పిందట. ఈ రోజు చెప్పిన పాఠాన్ని ఇంట్లో, అది చదవని ఒకరికి, ఇంటి భాషలో చెప్పాలి. విన్నవాళ్ళు అడిగిన ప్రశ్న ఒకటి మరునాడు పట్టుకు రావాలి. రాసుకు రాకూడదు, నోటితోనే తేవాలి. ముందు వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది. మా అక్క పొయ్యి ముందు నుంచి తల కూడా తిప్పలేదు. "మీ మేడాన్ని వచ్చి ఈ గిన్నెలు తోమిపెట్టమను, కూచుని వింటాను" అంది. అందుకని పిల్ల నా దగ్గరికి వచ్చింది. నిలబడి, ఇంగ్లీషులో ఒక వాక్యం గడగడా అప్పజెప్పింది.

"ఇది ఏమే, తినేదా పూసుకునేదా?" అన్నాను.

"నీకు అర్థం కాదు పో మామా. జడత్వమంటే అంతే."

"నాకు అర్థం కాలేదనే చెప్పు మీ మేడానికి. ఇదే నా ప్రశ్న."

మరునాడు ఇంకా పెద్ద ఏడుపుతో వచ్చింది. "క్లాసులో అందరి ముందరా అడిగినాది మామా. 'నీ మామకు అర్థం కాలేదంటే, ఎవరికి కాలేదు, ఆయనకా నీకా?' అన్నాది. అందరూ నవ్వినారు. మళ్ళీ చెప్పుకు రమ్మన్నాది." ఆ సాయంత్రం ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. ఆ పిల్ల ఇంగ్లీషు వాక్యాన్ని పక్కన పెట్టి వెతుక్కుంది. చివరికి, "బస్సు చటక్కున ఆగితే నువ్వు ముందుకు పడతావే, అది" అంది. "బస్సు ఆగింది, నేను ఎందుకు ఆగలేదు?" అని అడిగాను. దాని మొహం వెలిగింది. "ఈ ప్రశ్న బాగుండాది. ఇది తీసుకుపోతాను" అని లేచింది. నా మాట ఒకటి ఆ గోడ దాటి కాలేజీ లోపలికి వెళ్ళడం అదే మొదలు.

అప్పటి నుంచి ఆ సాయంత్రాలే నాకు కాలేజీ. మరునాటి క్లాసు ఈ ఇంటి ప్రశ్నలతోనే మొదలయ్యేదట. సేత్తూరు నుంచి వచ్చే పిల్ల వాళ్ళ అవ్వ, పాలు పొంగుతాయి నీళ్ళు పొంగవెందుకని అడిగిందట. మంసాపురం పిల్లవాడి నాయన, "ఇదంతా సరే, మీ మేడం నాట్లు వేసేదానికి వస్తాదా కనుక్కో" అన్నాడట. ఆవిడ దాన్ని కూడా తీసెయ్యకుండా, బురదలో కాలు ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పమని క్లాసు మీదికే వదిలిందట. ఒక అబ్బాయి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ప్రశ్న తానే కల్పించుకు వస్తే, విన్న వెంటనే, "ఇది గైడులో ప్రశ్న నాయనా. ఇంట్లో ఎవరూ ఇంత నున్నగా అడగరు" అందట. ఇవన్నీ కస్తూరి ఆవిడ గొంతుతో, ఆవిడలాగా చీర కొంగు చేతికి చుట్టుకుని, చేసి చూపించేది. కాబట్టి చూడకముందే ఆవిడ నాకు బాగా తెలిసిన మనిషి.

ఒకసారి వేడి గురించి పాఠం జరిగింది. మా షెడ్డులో నేల మీద నీళ్ళు చల్లుతాం, అప్పుడు నూలు తక్కువగా తెగుతుంది. మగ్గం చల్లబడుతుంది కాబట్టి తెగదని మా నాయన చెప్పేవాడు, నేనూ నమ్మాను. అదే గొప్పగా చెప్పి పంపాను. మరునాడు జవాబుకు బదులు తిరుగు ప్రశ్న వచ్చింది. "ఏ నెలలో ఎక్కువ తెగుతుందో చూసి చెప్పమన్నాది మామా. ఎండలోనా, గాలిలోనా? ఊరికే చెప్పద్దు, చూసి చెప్పమన్నాది." అన్నేళ్ళు ఆ షెడ్డులో తిరిగినవాణ్ణి, అంతవరకు చూడనేలేదని అప్పుడు తెలిసింది. చూశాను. నెలలు పట్టింది. ఎండ ముదిరిన రోజుల కంటే, ఆడి నెలలో, అంటే ఆషాఢం రోజుల్లో, పడమటి కొండలు దాటి దిగే పొడిగాలికే ఎక్కువ తెగుతోంది. ఆ రోజుల్లో మగ్గం చల్లగానే ఉంటోంది. చెప్పి పంపాను. "ఆయన అనుకున్నది తప్పయినాది, అది ఆయనే కనుక్కున్నాడు, చూడండి" అని క్లాసుకు చెప్పి, "ఆ పొడిగాలి నూలును ఏం చేస్తుందో నాకూ సరిగా తెలీదు, చదివి చెప్తాను" అందట. చదివి చెప్పింది కూడా. పత్తిపోగు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పీల్చుకుంటే మెత్తగా వంగుతుంది, ఎండితే పెళుసై తెగుతుంది. ఇంత చదివినావిడ, ముఖం కూడా చూడని నాకోసం పుస్తకం తిరగేసిందని ఆ రాత్రి అన్నం సహించలేదు. సంతోషంతో కూడా సహించదని అప్పుడే తెలుసుకున్నాను.

తర్వాత శబ్దం పాఠం వచ్చింది. శబ్దం నడవాలంటే గాలి కావాలి, గాలి లేని చోట గంట కొట్టినా వినపడదు అని కస్తూరి చెబుతూండగా కరెంటు పోయి మగ్గాలు ఆగాయి. నా చెవిలో మాత్రం ఆగలేదు. "ఆగినాక కూడా నా చెవిలో తరులు ఆడుతానే ఉంటాయి కస్తూరీ. ఈ శబ్దానికి గాలి ఏది?" అన్నాను. మేము మగ్గాన్ని తరి అంటాం. "మామా, రేపు మేడం కుర్చీలో నుంచి లేచేస్తాది చూడు" అంది కస్తూరి.

మరునాడు నేను షెడ్డు వదిలి ముందే ఇంటికి వచ్చి కూర్చున్నాను. పిల్ల మెల్లగా వచ్చి, చెప్పులు విడిచి, పక్కన కూర్చుంది. "అడగనియ్యలేదు మామా. ప్రిన్సిపాల్ వచ్చి క్లాసులో నిలబడినాడు. ఇంక ఇంటి ప్రశ్నలు వద్దన్నాడు. నోట్సు చెప్పమన్నాడు. మేడం నోట్సు చెప్పినాది, మేం రాసుకున్నాం." నాకు ఒళ్ళు మండిపోయింది. నాకోసం ఒకే ఒక కిటికీ ఉంటే అది కూడా వీడు మూస్తాడా అనుకున్నాను.

ఆ వారంలోనే తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. నేనే పోతానని అక్కతో చెప్పి, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాను. అలమేలు మేడాన్ని అక్కడ మొదటిసారి చూశాను. గోడ పక్కన నిలబడి ఉంది. సన్నటి మనిషి. కస్తూరి చూపించిన ఖంగుమనే గొంతు కాదు, గీరుకుపోయిన చిన్న గొంతు. కొంగు మాత్రం చేతికి చుట్టుకునే ఉంది. ముందు వరసలో తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన లేచి, "మేం ఫీజు కట్టేది మా పిల్ల నేర్చుకునేదానికి. మా అమ్మకు పాఠం చెప్పేదానికి కాదు" అన్నాడు. సిలబస్సు సగంలో ఉందన్నాడు ప్రిన్సిపాల్. "నేను చెప్పేది అయిపోయినాది సార్, పిల్లలకు ఎక్కేది ఇంకా కాలేదు" అంది మేడం. ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది.

నేను ఆగలేకపోయాను. లేచి గట్టిగా, "అయ్యా, నేను ఎనిమిదితో మానినవాణ్ణి. ఈ మేడం పాఠం నా వాకిలి దాకా వచ్చినాది. మీరు చెప్పే నోట్సు ఎవరి వాకిలి దాకా వచ్చినాది, చెప్పండి చూద్దాం!" అన్నాను.

ప్రిన్సిపాల్ నవ్వి అందరి వైపు తిరిగాడు. "విన్నారా? సిలబస్సు ఏ వీధికి పోతా ఉందో సారే చెప్పేసినారు." హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు మీద నాకు ఈ రోజుకీ కోపమే. మార్కులు చూపించి ఆవిడ నిలబడవచ్చు గదా అంటారేమో. మార్కులు అందరివీ ఎప్పటిలాగే ఉన్నాయి. నోరు విప్పని పిల్లలకు నోరొచ్చింది. ఇంగ్లీషు వాక్యం వెనక దాక్కున్న పిల్ల బయటికొచ్చి వాళ్ళ మామతో వాదిస్తోంది. దాన్ని ఏ కాగితం మీద చూపిస్తారు? బయటికి వచ్చేటప్పుడు ఆవిడ నా దగ్గరికి వచ్చి, "మీరేనా కస్తూరి మామ! నీళ్ళు చల్లే మామ!" అంది, ఏళ్ళనాటి చుట్టాన్ని చూసినట్టు. హాలులో అంత అరిచినవాణ్ణి, ఆవిడ ముందు తలూపి ఊరుకున్నాను.

ఆవిడది పక్కా ఉద్యోగం కాదు. కస్తూరి ఆఖరి ఏడాది ముగియగానే, ఆవిడను ఇక రావద్దన్నారు. ఒక మధ్యాహ్నం నూలు పార్సిలు కోసం బస్‌స్టాండుకు వెళ్తే, రెండు సంచులతో కోవిల్‌పట్టి బస్సు కోసం నిలబడి కనిపించింది. వాళ్ళ ఊరు అటు వైపే, వాళ్ళింట్లోనూ మన తెలుగే.

"మీ ప్రశ్న నాకు చేరినాది మామా. కస్తూరి మెట్ల కాడ చెప్పేసినాది" అంది.

"జవాబు?"

"తెలీదు. చెవి డాక్టర్లు ఏదో చెప్తారు. అది చదివి మీకు చెప్పేస్తే మీకూ పని అయిపోతాది, నాకూ అయిపోతాది. ముందు మీరు వినండి. ఏ చెవిలో ఎక్కువ, ఏ కాలంలో ఎక్కువ, ఎంతసేపు ఉంటాది. విని నాకు చెప్పండి."

"ఎట్ల చెప్పేది? కస్తూరి చదువు కూడా అయిపోయెనే."

"దారి దొరుకుతాది. ముందు వినండి" అంటూనే బస్సెక్కింది. ఏ కాలేజీకి పోతోందో అడగలేదు. అప్పటికి అది ఆవిడకే తెలియదని కస్తూరి తర్వాత చెప్పింది. శంకరన్‌కోవిల్ వైపు ఏదో బడిలో చెబుతోందని ఒకసారి విన్నాం. వెతుక్కుంటూ వెళ్ళేసరికి అక్కడా లేదు.

ఇప్పుడు కస్తూరి కూతురు నిత్య కాలేజీలో చదువుతోంది. కాలేజీకి గ్రేడు ఇచ్చేవాళ్ళు వస్తున్నారని మొన్న పూలకుండీలకు రంగు వేశారట, విద్యార్థికే మొదటి స్థానమని గేటు మీద ఫ్లెక్సీ కట్టారట. బోధన ఎలా ఉందో చెప్పమని పిల్లల ఫోనుకు ప్రశ్నలు పంపితే, అన్నిటికీ బాగుందనే నొక్కమన్నారట. "ఈ రోజు ఏం చెప్పినారే?" అని నేను అడిగితే, "అన్నీ పీడీఎఫ్‌లో ఉన్నాయి తాతా" అంటుంది. "ఫోనులో ఉంటే ఉండనీ, నీలోకి ఎప్పుడు వస్తాది?" అంటే, "పరీక్షకు ముందు రోజు వస్తాది తాతా" అని నవ్వుతుంది. దాని తప్పేమీ లేదు. పాఠాన్ని ఇంటికి వెళ్ళి చెప్పమని దాన్ని అడిగినవాళ్ళు లేరు. అడిగినావిడను మేము పంపించేశాం.

చెవిలో ఆ చప్పుడు ఎందుకు వస్తుందో ఇప్పుడు ఫోనును అడిగితే క్షణంలో చెబుతుందని నిత్య అంటుంది. వద్దన్నాను. నాకు అప్పజెప్పిన పని అది కాదు. నిన్న కరెంటు వచ్చేదాకా చీకట్లో కూర్చుని ఆ పనే చేశాను.

ఎడమ చెవిలో ఎక్కువ, మేడం. వాన పడే రాత్రుల్లో పెరుగుతుంది, ఆడి గాలికి తగ్గుతుంది. మొదట్లో కాసేపు ఉండి పోయేది, ఇప్పుడు పోవడం లేదు. నా తరులు పాత ఇనుముకు వేసేసి చాలా ఏళ్ళయింది, అయినా ఆడుతూనే ఉన్నాయి. ఈ శబ్దానికి గాలి అక్కర్లేదు, తరి కూడా అక్కర్లేదు. నేను విన్నంతవరకు ఇదీ. కస్తూరి ఇప్పుడు మీ క్లాసుకు రావడం లేదు గనుక, ఇక్కడ చెబుతున్నాను.