చిమ్నీకి నీళ్ళు పట్టిన అంకుల్

కెనడాలోని గ్వెల్ఫ్‌లో నేను అద్దెకున్న ఇంటి గురించి ఓనరు అంకుల్‌ని అడిగితే నూరేళ్ళు దాటిన ఎర్ర ఇటుకల కట్టడం అని ఛాతీ విరుచుకుని చెప్పేవారు. ఆంటీని అడిగితే పాత కొంప అని ఒక్కమాటలో తేల్చేసేవారు. ఇద్దరూ చెప్పింది నిజమే. ఆ ఇంట్లో తలుపులు ఓ పట్టాన మూతపడేవి కావు, పడ్డాయంటే ఇక తెరుచుకునేవి కావు. అంకుల్ కాకినాడ నుంచి అమెరికా వెళ్ళి, కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, వీసా గొడవలు పడలేక కెనడా వచ్చి స్థిరపడ్డ మనిషి. కొత్త ఇళ్ళన్నీ అగ్గిపెట్టెలని ఆయనకు చులకన. అందుకే ఏరికోరి ఈ ఇల్లు కొన్నారు. కొన్ననాటి నుంచి ఆయన శనివారాలన్నీ ఈ ఇల్లే తినేసింది.

నాది వరంగల్. మాస్టర్స్ చదవడానికి వచ్చి వాళ్ళ పై గదిలో దిగాను. పైన ఉన్నది ఆ ఒక్క గదే. రెండు పక్కలా కప్పు వాలి ఉండటం వల్ల నిటారుగా నిలబడాలంటే గది మధ్యలోకి రావాల్సిందే. నా మంచం పక్క మూలలోంచి చిమ్నీ ఇటుకల స్తంభం కప్పును చీల్చుకుని పైకి పోయేది. కింద హాల్లో ఆ చిమ్నీ అడుగున చలికాచుకునే పొయ్యిలో మంట వేసి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలియదు. ఆంటీ అందులో దేవుళ్ళను కూర్చోబెట్టి బల్బు దీపం పెట్టారు. దేవుడికి ఇంత మంచి గూడు ఇండియాలో కూడా కుదరలేదని వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు.

ఆ ఏడు వేసవి చివర్లో ఒక గాలివానకు చిమ్నీ మీద రేకు మూత ఎగిరి పక్కింటివాళ్ళ టమాటా మొక్కల్లో పడింది. మర్నాడు చూస్తే పొయ్యిలో వినాయకుడి నెత్తిన నీటిచుక్కలు. ఆంటీ మొదట మహిమ అనుకున్నారు. రెండోరోజు నా గది మూలలో గోడ తడిసి సున్నం ఉబ్బడం చూశాక మహిమ కాదు, లీకేజీ అని ఒప్పుకున్నారు.

నవ్వుకుంటూ చెబుతున్నాను గానీ అప్పుడు నాకు నవ్వు రాలేదు. మనవాళ్ళు విమానాల నిండా దిగుతున్న రోజులవి. ఊళ్ళో గది దొరకడం కన్నా ఉద్యోగం దొరకడం తేలిక అనుకునేవాళ్ళం, ఉద్యోగం కూడా దొరికేది కాదు. నా క్లాసులో ఒకమ్మాయి ఎవరి హాల్లోనో దుప్పటి అడ్డం కట్టుకుని ఉండేది, ఇంటివాళ్ళు టీవీ కట్టేసేదాకా ఆమెకు నిద్ర లేదు. మంచు పడేలోగా లీకేజీ ఆగకపోతే పై గది మూసేయక తప్పదని అంకుల్ ముందే చెప్పారు. చెడ్డగా చెప్పలేదు, బాధపడుతూనే చెప్పారు. కానీ బాధగా మూసినా గది మూసినట్టే కదా.

మేస్త్రీని పిలిచారు. వచ్చింది ఒకావిడ. ఆరడుగుల మనిషి, చేతుల నిండా పచ్చబొట్లు, నవ్విందంటే వీధి చివరిదాకా వినిపించేది. ఆడమనిషి నిచ్చెనెక్కి కప్పు మీద చకచకా నడుస్తుంటే ఆంటీ ముచ్చటపడి ఫోటోలు తీశారు. ఆవిడ దిగి వచ్చి రోగం చెప్పింది. చిమ్నీ నెత్తిన సిమెంటుతో వాలుగా ఒక పలక పోస్తారు, దాన్ని క్రౌన్ అంటారు. మన కిటికీల మీద సన్‌షేడ్‌లా దాని అంచు చుట్టూ కాస్త బయటికి ఉంటే వాననీళ్ళు ఇటుకల మీద కారకుండా దూరంగా జారిపోతాయి. మధ్యలో పొగ వెళ్ళే నోటికి చుట్టూ జాలీ ఉన్న రేకు మూత పెడతారు, అది క్యాప్. మన క్యాప్ ఎలాగూ ఎగిరిపోయింది, క్రౌన్ ముక్కలై ఉంది, అందులో ఉడుత కాపురం పెట్టింది. అన్నీ పీకి కొత్తగా చేయాలంది. ఎప్పుడని అడిగితే వచ్చేవారం అంది.

ఆ వచ్చేవారం రాలేదు, ఆపై వారమూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తి ప్రేమగా మాట్లాడి మళ్ళీ వచ్చేవారమే అనేది. మేస్త్రీలకు దేశంతో పని లేదు, అందరూ ఒకే బడిలో చదువుకుని వస్తారని ఆంటీ తీర్మానించారు. నేను మంచాన్ని ఎదురుగోడకు జరుపుకుని, మూలలో బకెట్టు పెట్టుకుని, వాన పడ్డప్పుడల్లా ఆవిణ్ణి వరంగల్ భాషలో తిట్టుకునేదాన్ని. చెట్లన్నీ ఆకులు రాల్చేశాక ఒకరోజు చెప్పాపెట్టకుండా వచ్చింది. వచ్చాక మాత్రం వంక పెట్టడానికి లేదు. పాతదంతా కొట్టేసి కొత్త పలక పోసి, ఇటుకల సందులు నింపి, పైన ప్లాస్టిక్ పట్టా, దాని మీద పాత కంబళి కప్పి వెళ్ళింది. కొన్నాళ్ళకు వచ్చి అవన్నీ తీసేసి తళతళలాడే స్టీలు క్యాప్ బిగించింది. చలి ముదురుతోంది, ఇక దాన్ని కదపకండి, దానంతటది గట్టిపడుతుంది అని చెప్పి పోయింది. అంకుల్ బుద్ధిగా తలూపారు.

గోడ ఆరింది. నేను మంచాన్ని మళ్ళీ నా మూలకు జరుపుకున్నాను. రెండో వంటకం కూడా వండుకోకుండా రోజూ పప్పుచారుతో సరిపెట్టుకునే నేను ఆ ఆదివారం గారెలు వండి అంకుల్‌కీ ఆంటీకీ పెట్టాను.

వారం తిరగకముందే గోడ మళ్ళీ తడిసింది.

వాన ఉంటే సరే అనుకోవచ్చు. ఆకాశం చూస్తే గాజులా నిర్మలంగా ఉంది. అయినా మధ్యాహ్నం నేను కాఫీ షాపు పని నుంచి తిరిగొచ్చేసరికి మూలలో కొత్త తడి, రోజుకో జానెడు పెరుగుతూ. ఆంటీ ఉడుత శాపం అన్నారు. అంకుల్‌కి మేస్త్రీ మీద మహా కోపం వచ్చింది. ఆయన కోపమొస్తే అరవరు, ఇంగ్లీషులో చాలా మర్యాదగా మెసేజులు పెడతారు. ఆ మర్యాద చూస్తే నాకే భయమేసేది. ఆవిడ పాపం, తను పని చేసిన చోట కారడం జరగదని, అయినా వచ్చి చూస్తానని జవాబిచ్చింది. ఎప్పుడంటే, వచ్చేవారం. నేను ఈలోగా గదుల కోసం ఊరంతా ఫోన్లు మొదలుపెట్టాను. ఒకరు మాంసం తినకూడదన్నారు, ఒకరు ఫోన్ మాట్లాడకూడదన్నారు, ఒకరు వంటింట్లోకి రాకూడదన్నారు. ఊపిరి పీల్చుకోవచ్చా అని అడగబోయి ఆగాను. ఆ పూట స్నానాలగదిలో కూర్చుని ఏడ్చాను కూడా.

మామూలుగా నేను మొదటి బస్సు పట్టుకుని కాఫీ షాపులో పనికి పోయేదాన్ని. ఒకరోజు షిఫ్ట్ రద్దయిందని మెసేజ్ వస్తే మళ్ళీ ముసుగు తన్నాను. తెల్లవారుతుండగా నెత్తిమీద వాన చప్పుడు. లేచి కిటికీలోంచి చూస్తే వాన లేదు. పెరట్లో అంకుల్ ఉన్నారు. తలకు మంకీ క్యాప్, ఒంటికి దళసరి జాకెట్, నడుముకు లుంగీ, కాళ్ళకు మంచు బూట్లు. చేతిలో తోట పైపు. దాన్ని పైకెత్తి పట్టుకుని చిమ్నీకి నీళ్ళు కొడుతున్నారు. అటు కాసేపు, ఇటు కాసేపు, ఏ పక్కా చిన్నబుచ్చుకోకుండా. మామూలు వాన పైనుంచి పడుతుంది కాబట్టి క్రౌన్, క్యాప్ కలిసి ఆపుతాయి. అంకుల్ వాన కిందనుంచి పైకి కురిసేది. అది క్యాప్ జాలీలోంచి దూరి, పచ్చి సందుల్లోంచి దూరి, తిన్నగా నా మూలకు చేరుతోంది.

నాకు ఒళ్ళు మండింది. చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగి పెరట్లోకి పోయాను.

"ఏం చేస్తున్నరు అంకుల్?"

ఆయన ఉలిక్కిపడలేదు. పూలమొక్కకు నీళ్ళు పోస్తున్న మనిషిని పలకరిస్తే ఎలా తిరిగి చూస్తాడో అలా చూశారు. "క్యూరింగ్ అమ్మా. ఇక్కడివాళ్ళకి ఈ సంగతి తెలీదు. కొత్త సిమెంటుని ఎండబెట్టి వదిలేస్తే బీటలు తీసేస్తుంది. మా ఇంటి స్లాబుకి మట్టి గట్లు కట్టి మరీ నీళ్ళు నిలబెట్టాం."

అది కాకినాడ ఎండ, ఇది గ్వెల్ఫ్ చలి అని చెప్పబోయాను. మన దేశంలో పుట్టినవాళ్ళెవరికైనా కొత్త సిమెంటును చూస్తే చెయ్యి నీళ్ళ బకెట్టు కోసం వెతుక్కుంటుంది. మా ఊళ్ళో గోనెపట్టాలు చుట్టిన స్తంభాలను తడపడానికి మా నాన్న మమ్మల్ని పొద్దున్నే లేపేవాడు. అలాంటి మనిషిని సిమెంటుకు నీళ్ళు పెట్టొద్దంటే, పురిటిబిడ్డకు పాలు పట్టొద్దన్నట్టే ఉంటుంది. మేస్త్రీ చెప్పిందానికి ఆయన తలూపింది ఆవిణ్ణి నొప్పించడం ఇష్టం లేక మాత్రమే.

"మంచు పడేలోగా గట్టిపడకపోతే నీ గది ఏమైపోతుందమ్మా," అన్నారాయన పైపు దించి. "అందుకే పొద్దున్నే లేస్తున్నా. మీ ఆంటీకి చెప్పకు, చలిలో తిరుగుతున్నానని గొడవ చేస్తుంది."

నా గదిని ముంచుతున్నదీ, దాన్ని కాపాడదామని చలిలో గజగజ వణుకుతున్నదీ ఒక్క మనిషే అయితే ఎవరిమీద అరవాలి. నీళ్ళు లోపలికి వస్తున్నాయి అంకుల్ అని మాత్రం చెప్పాను. పైకి తీసుకెళ్ళి గోడ చూపించాను. ఆయన ముఖం చిన్నదైపోయింది. తడి గోడ మీద అరచెయ్యి ఆనించి చూశారు. ఆంటీకి చెప్పనని మాటిచ్చి నేనే ఆయన్ని కిందికి పంపాను.

విచిత్రమేమంటే, మేస్త్రీ తన జన్మలో మొదటిసారి అన్న వారానికే వచ్చింది. నిచ్చెనెక్కి దిగేసరికి ఆవిడ చేతిలో అప్పడమంత సిమెంటు పొర ఉంది. తాగిన నీళ్ళు చలికి గడ్డకట్టి కొత్త పలక పైపొరను లేపేశాయని చెప్పింది. క్యాప్ జాలీ నిండా మంచుగడ్డలున్నాయట. వారంరోజులుగా వాన లేదు కదా, ఈ నీళ్ళు ఎక్కడివి అని మమ్మల్ని ముగ్గుర్నీ వరసగా చూసింది. నేను నేల చూశాను. అంకుల్ ఆకాశం చూశారు. ఆంటీ మాత్రం పెరట్లో కట్టెలా బిగుసుకున్న పైపును చూశారు, చలికాలం వచ్చినా కట్టేయని బయటి కుళాయిని చూశారు, తర్వాత అంకుల్ బూట్లను చూశారు. 

ఇక ఈ చలిలో సిమెంటు పని కుదరదని, వసంతంలో వచ్చి మళ్ళీ పోస్తానని మేస్త్రీ చెప్పింది. అప్పటిదాకా పైన పట్టా కడుతుందట. గోడ తాగిన నీళ్ళు చలికాలమంతా కారుతూనే ఉంటాయి, పగలు ఎవరైనా దూరంగా కూర్చుంటే కూర్చోవచ్చు గానీ ఆ తేమలో పడుకోవడం మంచిది కాదంది. ఆవిడ వెళ్ళిపోయింది. నేను పైకి వెళ్ళి సూట్‌కేసు తీసి మంచం మీద పెట్టుకున్నాను. పెట్టె అయితే సర్దుతున్నాను గానీ దాన్ని పట్టుకుని ఎటు పోవాలో తెలియదు.

కింద ఆంటీ గొంతు వినిపించింది. అరవడం లేదు, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా మాట్లాడుతున్నారు.

"ఏవండీ, మీ ఆఫీసు గది ఖాళీ చేసి ఆ పిల్లకివ్వండి. పైన మీరు కూర్చోండి."

ఆ ఆఫీసు గదిలోకి ఆంటీ కూడా తలుపు తట్టకుండా వెళ్ళేవారు కాదు. రెండు మానిటర్లు, తిరిగే కుర్చీ, చలికి కాళ్ళ దగ్గర ప్రత్యేకంగా హీటరు, అదంతా అంకుల్ రాజ్యం. ఆయన ఏదో గొణిగారు. మీటింగులు అన్న మాట ఒక్కటే నాకు వినపడింది.

"మీటింగులు పైన కూడా జరుగుతాయి. తడిపింది మీరు, ఆ తడిలో మీరే కూర్చోవాలి. ఆ పిల్ల మాత్రం ఇంట్లోంచి కదలడానికి వీల్లేదు."

నేను సూట్‌కేసు పక్కన కూర్చుండిపోయాను. సంతోషం, సిగ్గు, ఏడుపు అన్నీ ఒక్కసారే వచ్చాయి.

సాయంత్రం సామాన్లు మార్చుకున్నాం. ఆ ఇంటి మెట్లు ఎంత ఇరుకంటే ఎదురెదురుగా ఇద్దరు పట్టరు. నేను పరుపు దొర్లించుకుంటూ దిగుతున్నాను, అంకుల్ రెండు మానిటర్లలో ఒకదాన్ని గుండెకు హత్తుకుని ఎక్కుతున్నారు. మెట్ల మలుపులో ఎదురుపడి ఇద్దరం ఆగిపోయాం. ఆయన మానిటరు మీద ఆంటీ ప్లాస్టిక్ కవరు తొడిగారు, కారే నీళ్ళకని చిటికెన వేలికి ఒక ఎర్రబకెట్టు తగిలించారు.

"సారీ అంకుల్," అన్నాను. నేనెందుకు సారీ చెప్పానో నాకే తెలియదు. నా పరుపుకు దారిస్తూ ఆయన ఒక్కో మెట్టూ వెనక్కి దిగారు, బకెట్టు గోడకు తగిలి చప్పుడు చేస్తోంది.

"ముందు నువ్వు దిగమ్మా," అన్నారు. "నాకు పైన తొందరేం లేదు."