ఎనిమిదితో చేయాల్సిన లెక్క

జాగీరు పోయినా, కరీంనగర్ బస్సులో ముందు సీటు మాదే అనుకునేవాణ్ణి. ఆ రోజు అందులో ఎవరో కూర్చున్నారు. వెనక కూర్చోవడం నామోషీ అనిపించి నిలబడే ఉన్నాను.

వెనక సీటులోని ఒక అపరిచితుడు దుమ్ము పట్టిన అద్దం మీద వేలితో 142857 అని రాశాడు.

"దొరా, ఊకెనే నిలవడ్డరు గదా, దీన్ని రెండింతలు చెయ్యుండ్రి."

చేశాను: 285714. మూడింతలు 428571. అంకెలూ వాటి వరుసా అవే; మొదట నిలిచే అంకె ఒక్కటే మారుతోంది.

"ఆరు దాక గిట్లనే తిరుగుతది. ఏడుతోని జూడుండ్రి."

కుదుపులకు నోటిలెక్క తప్పింది. ఆయన్ని జరగమని, పక్కన కూర్చుని, అద్దం మీదే గుణించాను. అన్నీ తొమ్మిదులే!

కొండగట్టు దగ్గర కండక్టర్ పిలిచాడు: "దొరా, ముంగటి సీటు ఖాళీ అయింది, రాండ్రి."

"ఆగు, ఎనిమిదితోని ఇంక చెయ్యలే" అన్నాను.